చూడి ఆవు ఎదకు ఎందుకు రాదు?

మురుగమల్ల చుట్టుపక్కల పల్లెల్లో డెయిరీకి పాలు పోసేచోట తరచూ వినబడే మాట: "ఏమప్పా, ఆవు మళ్లీ ఎదకొచ్చిందా?" సూది వేయించి 21 రోజులు లెక్కపెడతారు. ఆనాడు ఆవు అరవక, తీగలు వేయక, తన మానాన తాను నెమరేస్తూ పడుకుంటే చూడి నిలిచిందని ఆశ.

మరి ఎదను ఆపిందెవరు? గర్భసంచి కాదు, మెదడు. అందుకు అది వాడుకునేది నల్లమందు జాతి సరుకే!

నల్లమందు మన మీద పనిచేసేది మెదడులో అలాంటివి ముందే ఉన్నందువల్ల. 1975లో ఆబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్లిట్జ్ అనే శాస్త్రవేత్తలు పంది మెదడు నుంచి అలాంటి పదార్థాలను, ఎన్‌కెఫలిన్లను, వెలికితీశారు. ఎండార్ఫిన్, డైనార్ఫిన్ వాటి తోబుట్టువులే.

మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ విడతలు విడతలుగా వస్తుంది. విడతలు దగ్గరపడితేనే ఆవు ఎదకొచ్చేదీ, అండం విడుదలయ్యేదీ. చూడి నిలిచాక అండాశయం మీది పసుపు ముద్ద ప్రొజెస్టిరాన్ వదులుతూనే ఉంటుంది. దాన్ని డైనార్ఫిన్ కణాలు పట్టుకుని విడతలను నిదానం చేస్తాయి. ఇది బాగా తేలింది గొర్రెల్లో: డైనార్ఫిన్‌ను అడ్డుకునే మందిస్తే విడతలు మళ్లీ జోరందుకున్నాయి. తమాషా ఏమంటే, విడతలను ముందుకు తోలే కిస్‌పెప్టిన్ అనే పదార్థం, పగ్గం లాగే డైనార్ఫిన్ రెండూ ఒకే కణంలో కాపురముంటాయి.

ఎలుకది ఇంకా చిత్రం. దాని ఎద చక్రం నాలుగైదు రోజులే. ఎద పుట్టించే ఈస్ట్రోజనే ముందు ఎదను పట్టి ఆపుతుంది! అది ఎక్కిన కాసేపటికే బీటా ఎండార్ఫిన్ కణాలు మేలుకుంటాయి. మైక్రోస్కోపు కింద చూస్తే, కణం పైపొర మీది నల్లమందు గ్రాహకాలు నత్త కొమ్ముల్లా లోపలికి ముడుచుకుంటాయి. ఎండార్ఫిన్ తగిలిందనడానికి అదే గుర్తు. తర్వాత ప్రొజెస్టిరాన్ వచ్చి ఆ పట్టు సడలిస్తేనే ఎలుక మగదాన్ని దగ్గరికి రానిస్తుంది. అండం సిద్ధం కాకముందే జతకట్టి ఏం లాభం?

గొర్రెలో పగ్గం బిగించే ప్రొజెస్టిరానే ఎలుకలో ఇక్కడ సడలిస్తోంది. ఏ కణం మీద, ఏ వేళకు పడిందన్నదే లెక్క. నెలల తరబడి మార్ఫిన్ జాతి మందులు వాడేవాళ్లలో కొందరికి నెలసరి తప్పేదీ ఇలా జీఎన్‌ఆర్‌హెచ్ విడతలు నిదానించే.

ఒక్క మాట. 21వ రోజు ఆవు కిక్కురుమనలేదని చూడి అనుకోవద్దు. మూగ ఎద కూడా ఉంటుంది. రెండు మూడు నెలలకు పశువుల డాక్టరుతో ఒకసారి పరీక్ష చేయించండి.