ధర్మశాస్త్రం ఎవరికి, ఎంతవరకు?

ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ కాలనీల్లోని క్రైస్తవ కుటుంబాలకు కొన్ని ప్రశ్నలు తరచూ ఎదురవుతుంటాయి. ఉద్యోగ పరీక్ష ఆదివారం పడితే ఆరాధన మానుకుని వెళ్లొచ్చా? 2024లో గ్రూప్-1 ప్రిలిమ్స్ జరిగిన జూన్ 9 ఆదివారమే. శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే సెవెంత్ డే అడ్వెంటిస్టులకు ఇదే చిక్కు శనివారం పరీక్షతో వస్తుంది. ఆషాఢంలో పక్కింటివాళ్లు ఆప్యాయంగా బోనాల ప్రసాదం పంపితే తినాలా, వద్దా? దావత్‌లో మేక నెత్తురుతో వండిన నల్ల వడ్డిస్తే?

ఇవి ఇక్కడ, ఇప్పుడు పుట్టిన ప్రశ్నలు కావు. ఏ రోజు విశ్రమించాలి, ఏం తినాలి, దేవుడి ఆజ్ఞల్లో ఏవి ఎవరికి వర్తిస్తాయి అన్న వాదం దాదాపు రెండు వేల ఏళ్లుగా నడుస్తోంది. ఆ వాదం ఎలా మొదలైందో తెలియక, యూదులు నియమాలకు బానిసలని, క్రైస్తవులు కృపకు వారసులని తేలిగ్గా అనేస్తుంటారు. చరిత్ర ముందు ఆ మాట నిలబడదు.

ఇంటివాళ్ల వాదం

యేసు యూదుడు. ఆయన శిష్యులూ యూదులే. విశ్రాంతి దినాన, అంటే సబ్బాతు నాడు, రోగిని బాగుచేయవచ్చా అని పరిసయ్యులతో జరిగిన వాదం ఒకే ధర్మశాస్త్రాన్ని నమ్మినవాళ్ల మధ్య జరిగింది. ప్రాణాపాయం ఉందన్న అనుమానం కలిగినా చాలు, సబ్బాతు నియమాన్ని పక్కనపెట్టి మనిషిని కాపాడాలని యూదు గురువులే చెప్పారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదు ధర్మ సంకలనంలో ఆ నియమం ఉంది. మరి పేచీ ఎక్కడ? యేసు సబ్బాతున బాగుచేసిన ఊచచెయ్యి గలవాడికి అప్పటికప్పుడు ప్రాణభయం లేదు. మరునాటిదాకా ఆగొచ్చు కదా అన్నది ఒక పక్షం. మేలు చేయడానికి రేపటిదాకా ఎందుకు ఆగాలన్నది యేసు పక్షం. దయ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య జరిగిన తగవు కాదది.

అసలు చిక్కు తరవాత వచ్చింది. యూదులు కానివాళ్లు, అంటే అన్యజనులు, యేసును నమ్మి సంఘాల్లో చేరడం మొదలుపెట్టారు. వీళ్లు సున్నతి చేయించుకోవాలా? మోషే ధర్మశాస్త్రమంతా పాటించాలా? క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో పెద్దలు కూర్చుని దీన్ని తేల్చారు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం ఈ సంగతే చెబుతుంది. అన్యజనులకు సున్నతి అక్కరలేదన్నారు. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవాటి మాంసం, జారత్వం, ఈ నాలుగూ మానితే చాలన్నారు. ప్రసాదం, నల్ల గురించి మన ఇళ్లలో జరిగే చర్చ ఆ తీర్పు దగ్గరే మొదలవుతుంది.

యూదు సంప్రదాయం కూడా ప్రపంచమంతా తన నియమాలు పాటించాలని అడగదు. ఇతరులకు నోవహు పేరిట ఏడు ఆజ్ఞలు చాలని గురువులు చెప్పారు. విగ్రహారాధన, హత్య, దొంగతనం, వ్యభిచారం కూడదు, దైవదూషణ చేయరాదు, బతికున్న జంతువు నుంచి కోసిన మాంసం తినరాదు, న్యాయస్థానాలు ఉండాలి. యెరూషలేము తీర్పుకు, ఈ ఏడింటికి పోలికలు కనిపిస్తూనే ఉన్నాయి.

పౌలు గలతీయులకు రాసిన లేఖలో అంత తీవ్రంగా మాట్లాడింది అన్యజనులపై సున్నతి రుద్దేవాళ్ల గురించి. తల్లి యూదురాలైన తిమోతికి మాత్రం సున్నతి చేయించింది ఆ పౌలే. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఆ సంగతి ఉంది.

దారులు వేరయ్యాక

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చారు. బలులు ఆగిపోయాయి. యూదు జీవితం ధర్మశాస్త్ర అధ్యయనం, ప్రార్థన, ఇంటి ఆచారాల చుట్టూ అల్లుకుంది. అటు సంఘంలో అన్యజనుల సంఖ్య పెరిగింది. 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆదివారాన్ని సెలవు రోజు చేశాడు. అదే శతాబ్దంలో లవొదికయ సభ, శనివారం పని మానుకునే క్రైస్తవులను తప్పుపట్టింది. 386-387లో అంతియొకయలో జాన్ క్రిసోస్టమ్ అనే బోధకుడు యూదుల పండుగలకు వెళ్లే తన సంఘస్థులను మందలిస్తూ, యూదులనే దారుణంగా దూషించాడు. అధికారం దొరికాక వాదం ద్వేషంగా మారింది. ఆ ద్వేషానికి యూరప్ యూదులు శతాబ్దాల పాటు ప్రాణాలతో మూల్యం చెల్లించారు. క్యాథలిక్ సంఘం 1965లో రెండో వాటికన్ సభ ద్వారా యూదుల పట్ల ద్వేషాన్ని ఖండించింది. అన్ని సంఘాలూ ఒకే దారి పట్టలేదు. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు నేటికీ శని, ఆదివారాలు రెండింటినీ గౌరవిస్తారు.

యూదుల లెక్కలో ఆజ్ఞలు 613. చేయవలసినవి 248, చేయకూడనివి 365. ఇంత పట్టీ చూసి, వాటితో రక్షణ కొనుక్కుంటున్నారని అనుకోకూడదు. దేవుడు ముందు ఐగుప్తు దాస్యం నుంచి విడిపించాడు, తరవాతే సీనాయి దగ్గర ఆజ్ఞలిచ్చాడు. మేలు పొందినవాళ్లు కృతజ్ఞతతో నడిచే నడతే ధర్మశాస్త్రం. ఈ సంగతిని ఇ.పి. శాండర్స్ అనే క్రైస్తవ పండితుడు 1977లో వెలువరించిన గ్రంథంలో విస్తారంగా చూపించాడు. అసలు భేదం వేరే ఉంది. మెస్సీయ వచ్చాడు, ధర్మశాస్త్రం ఆయనలో నెరవేరింది అని క్రైస్తవులు నమ్ముతారు. మెస్సీయ ఇంకా రావలసి ఉంది, నిబంధన అలాగే నిలిచి ఉంది అని యూదులు నమ్ముతారు. ఆ భేదాన్ని దాచనక్కర్లేదు.

తెలుగు నేల మీద

నియమం మనిషిని బంధిస్తుందా, నిలబెడుతుందా? జవాబు మన చరిత్రలోనే ఉంది. 1866లో ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మాదిగ పల్లెల్లో విశ్వాసులైనవాళ్లకు ముఖ్యంగా మూడు కట్టుబాట్లు పెట్టాడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువుల మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వెట్టిచాకిరీలో నలిగినవాళ్లు వారానికొక రోజు పనికి రామని చెప్పడం, గ్రామదేవత జాతరలో డప్పు కొట్టబోమని చెప్పడం ఊరి పెద్దలకు కోపం తెప్పించింది. వేధింపులు వచ్చాయి. అయినా జనం ఆగలేదు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఐగుప్తులో ఇటుకలు మోసినవాళ్లకు సబ్బాతు ఏమైందో, ఆ పల్లెలకు ఆదివారం అదే అయింది.

మరో శతాబ్దం గడిచాక గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు, అప్పటిదాకా క్రైస్తవులుగా ఉన్నవే, తాము ఎఫ్రాయిము గోత్రపు యూదులమని ప్రకటించుకున్నాయి. ష్మూయేల్, సాదోక్ యాకోబి సోదరుల చొరవతో 1991లో అక్కడ సమాజమందిరం ఏర్పడింది. వీరినే బెనె ఎఫ్రాయిము అంటారు. శుక్రవారం పొద్దుగూకగానే సబ్బాతు మొదలుపెడతారు, హీబ్రూ నేర్చుకుంటారు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ వీరిపై అధ్యయనం చేసి 2013లో పుస్తకం తెచ్చారు. వీరి వంశ కథను ఎవరు ఎంత నమ్మినా, ఆచారాల్లో వీరు వెతుక్కున్నది గౌరవమని, తమదైన ఒక చరిత్ర అని గుర్తించాలి.

కాబట్టి పాస్టర్లకు, సండే స్కూల్ టీచర్లకు ఒక విన్నపం. గలతీ పత్రిక బోధించే ముందు అపొస్తలుల కార్యములు 15, 16 అధ్యాయాలు చదివించండి. పరిసయ్యుణ్ని కపటికి మారుపేరుగా వాడకండి. తినేవాడు, తిననివాడు ఒకరినొకరు తీర్పు తీర్చవద్దని రోమా పత్రిక 14వ అధ్యాయం చెప్పేదాన్ని ప్రసాదానికీ, శనివారానికీ, ఆదివారానికీ కూడా వర్తింపజేయండి. ఎదుటివారి ఆచారం వెనక ఉన్న భక్తిని తక్కువ చేయకుండా మన విశ్వాసాన్ని గట్టిగా చెప్పుకోవచ్చు. పిల్లలకు మొదట నేర్పవలసింది అదే.