శైలికల కుదురు



మా తాతగారు తెల్లవారుజామున లేచి, గడియసేపు దగ్గి, కళ్లె యుమిసి, పిదప చుట్ట వెలిగించెడివారు. చుట్ట కాల్చినగాని గొంతు తేటపడదని వారి నమ్మకము. ఆ దగ్గునకు మూలమెచ్చట నున్నదో నేడు మనవి చేసెదను.

మన శ్వాసనాళపు లోపలి పొరమీద కంటికగపడని సన్నని నూగు కలదు. ఆ నూగుపోగులను శైలికలందురు. గాలికి వరిచేను అలలు అలలుగా నూగినట్లు, ఇవి సెకండునకు 10 మార్లకు పైగా కదలి, దుమ్ము చిక్కుకొన్న శ్లేష్మమును గొంతువైపునకు నెట్టుచుండును.

వెండ్రుకకు కుదురుండవలెను గదా! శైలికకు కుదురు సెంట్రియోలు. ఇది మిల్లీమీటరులో సుమారు 2,000వ వంతు పొడవుగల గొట్టము. దీని గోడయందు 9 కట్టలు, కట్టకు 3 సన్నగొట్టముల చొప్పున, వలయముగా నమరియుండును. సాధారణముగా జీవకణమున నిట్టివి రెండుండును. తమ్ము చుట్టియున్న పదార్థముతో గూడి యివి సెంట్రోసోము అనబడును. ఈ పేరు 1888లో జర్మను శాస్త్రజ్ఞుడు బొవేరీ పెట్టినది. కణము రెండుగా చీలునప్పుడు, అన్నదమ్ముల పంపకమువలె, ఎవరి పాలు వారికి చేరునట్లు తోడ్పడుట దీని పని.

చీలుట ముగిసి కణము విశ్రమించినపుడు, ఆ రెంటిలో పాతది పైపొరను చేరి, దాని నంటిపెట్టుకొని, శైలికను మొలిపించును. మరల చీలవలసివచ్చిన, కణము శైలికను ముడుచుకొనును. దుక్కి దున్నిన పాలేరే పంటవేళ మంచె యెక్కి కావలి కాయును గాని, రెండు పనులు నేకకాలమున చేయజాలడు గదా! ఈ రెండు పనులు చేయునది యొక్కటేయని 1898లో హెన్నెగీ, లెన్‌హొసెక్ అను నిరువురు వేరువేరుగా సూచించిరి.

శ్వాసనాళమున శైలికలు మోయు కణములు చీలుటయే మానుకొనును. ఒక్కొక్కటి 200కు పైగా సెంట్రియోళ్లను క్రొత్తగా నిర్మించుకొని, నారు నాటినట్లు పైపొరయందు నాటుకొనును. అన్ని కుదుళ్లనుండియు అన్ని శైలికలు లేచును.

ఇంత శ్రమపడి పెంచిన పైరును పొగాకుపొగ పాడుచేయును. శైలికలు పొట్టివగును, మందగించును, కొన్ని నశించును. ఊడ్చువారు లేని యింటివలె నాళమున శ్లేష్మము పేరుకొనును. దగ్గి వెడలగొట్టుటయే గతి. మా తాతగారి దగ్గిదియే. చుట్ట గొంతును తేటపరచలేదు, తేటపరచువారిని చంపినది.

చుట్ట మానినవారికి కొన్ని నెలలలో శైలికలు చాలవరకు కోలుకొనును. దగ్గు విడువకున్న వైద్యునకు చూపుకొనవలెను. ఈ మాట తాతగారితో చెప్పు భాగ్యము నాకు లేకపోయెను. మీతో చెప్పగలిగితిని.