క్యాసినో షిఫ్టు మేనేజర్ల ఉద్యోగసంతృప్తి

జూదమాడి చెడినవారిని గూర్చి భారతకథ మొదలు మనము వినుచునే యున్నాము. జూదశాలను నడపుటయే బ్రతుకుతెరువైనవారి మనఃస్థితి యెట్టిదో విచారించుట మాత్రము అరుదు.

అమెరికాలోని నెవాడా రాష్ట్రమున 1931లో జూదము చట్టసమ్మతమైనది. అచ్చటి లాస్ వేగాస్ నగరమందలి పెద్ద క్యాసినోలు రేయింబవళ్లు తెరచియుండును. కావున పని మూడు షిఫ్టులుగా సాగును. బల్లకడ పేకలు పంచువాడు డీలరు. అతనిపై పర్యవేక్షకులు, వారందరిపై షిఫ్టు మేనేజరు ఉందురు. పందెపు బిళ్లల రాకపోకలు, ఆటగాండ్ర తగవులు, అప్పులకు సంబంధించిన చిక్కులు ఇతని తీర్పునకు వచ్చును.

ఇట్టి అధికారికి సంతృప్తి దేనివలన కలుగును? ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అను మనస్తత్త్వవేత్త 1959లో సహచరులతో కలిసి ప్రకటించిన గ్రంథమున, సంతృప్తికిని అసంతృప్తికిని కారణములు వేరువేరని ప్రతిపాదించెను. జీతము, పని పరిస్థితులు బాగుగా లేనిచో అసంతృప్తి పుట్టును. అవి బాగుపడినంతమాత్రమున సంతృప్తి కలుగదు. కార్యసిద్ధి, గుర్తింపు, బాధ్యత యనునవే సంతృప్తి నిచ్చును. ఈ సిద్ధాంతమునకు విమర్శకులు లేకపోలేదు గాని, ప్రస్తుత విషయమునకు ఇది చక్కగా పొసగును.

అసంతృప్తి హేతువులు స్పష్టములే. డీలర్ల రాబడిలో ఆటగాండ్రిచ్చు టిప్పులు పెద్దభాగము. పర్యవేక్షకులకు సంప్రదాయముగా అందు పాలు లేదు. అందుచే పదవి పెరిగినవానికి రాబడి తగ్గుటయు కలదు. 2006లో లాస్ వేగాస్‌లోని యొక క్యాసినో డీలర్ల టిప్పులలో పర్యవేక్షకులకు భాగము కల్పింపగా, డీలర్లు ఆగ్రహించి మరుసటి యేడు కార్మికసంఘము పక్షమున వోటు వేసిరి. ఒకరి కొరత తీర్చబోగా వేరొకరికి కొరత యేర్పడినది. ఇక రాత్రిపని సంగతి. నిద్రాక్రమమును చెరచు షిఫ్టుపని క్యాన్సరునకు బహుశః కారణము కావచ్చునని 2007లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ వర్గీకరించినది.

సంతృప్తి హేతువు వేరొకచోట నున్నది. వరుసగా ఓడుచున్న ఆటగాడొకడు మరికొంత అప్పు కోరెననుకొందము. ఇచ్చిన సంస్థకు లాభము కలుగవచ్చును. ఆ కుటుంబము కూలిపోవచ్చును. మేనేజరు తనకున్న అధికారముతో నిరాకరించెను. మరునాడు పై యధికారులు ఆ తీర్పును సమర్థించినచో అతనికి తన పదవి సార్థకమని తోచును; మందలించినచో ఎంత జీతమైనను ఆ వెలితిని పూడ్చజాలదు.

జీతము సణుగుడును మాన్పగలదు. మనసు నిండుటకు మాత్రము, అప్పగించిన బాధ్యతతోపాటు విశ్వాసమును అప్పగింపవలయును. బాధ్యత నొసగి విశ్వాసమును దాచుకొన్న యజమాని, ఏ పరిశ్రమయందైనను, సంతృప్తుడైన ఉద్యోగిని పొందజాలడు.