మీకు తెలుసా? కెరటాల దగ్గర కాపలా

దుత్తలూరు, ఉదయగిరి వైపు వాళ్లకు సముద్ర స్నానమంటే మైపాడో, కావలి దగ్గరి తుమ్మలపెంటో. కార్తీక పౌర్ణమికి అక్కడ ఇసుక వేస్తే రాలదు. ఒడ్డున కాపలా కాసే గజ ఈతగాళ్లు, లైఫ్‌గార్డుల పని గురించి కొన్ని సంగతులు:

● విశాఖలోని రుషికొండ బీచ్‌కు 2020లో ‘బ్లూ ఫ్లాగ్’ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే) గుర్తింపు వచ్చింది. దానికి శుభ్రత ఒక్కటే చాలదు. తగినంతమంది లైఫ్‌గార్డులు, ప్రాణరక్షణ పరికరాలు, ప్రథమ చికిత్స ఏర్పాట్లు కూడా ఉండాలి.

● ఆస్ట్రేలియాలో సర్ఫ్ లైఫ్‌సేవర్ కావాలంటే ముందు 400 మీటర్లు 9 నిమిషాల్లో ఈదాలి. ఆపైన 200 మీటర్ల పరుగు, 200 ఈత, మళ్లీ 200 పరుగు, అన్నీ కలిపి 8 నిమిషాల్లో ముగించాలి. ఏటా నైపుణ్య పరీక్ష తప్పదు.

● మునిగిపోయేవాళ్లు చాలాసార్లు కేకలు వేయలేరు. తల వెనక్కి వాల్చి, నోరు నీటి మట్టానికి చేరి, నిలువుగా కొట్టుకుంటారు. అందుకే లైఫ్‌గార్డుకు మొదటి పాఠం ఈత కాదు, చూపు. చూపు అలసిపోకుండా మనుషుల్ని మార్చడం సూపర్‌వైజర్ బాధ్యత.

● కెరటాలు విరగకుండా నిమ్మళంగా కనిపించే చోటే లోపలికి లాగే రిప్ కరెంట్ ఉండొచ్చు. చిక్కుకుంటే ఎదురీదకండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆపైన బయటికి రండి.

● ఎరుపు–పసుపు జెండాల మధ్య లైఫ్‌గార్డుల కాపలా ఉంటుంది. పూర్తి ఎర్రజెండా ఎగిరితే నీళ్లలో దిగకూడదు.