వైఫై పాస్‌వర్డ్ ఎందుకంత పొడవు?

వైఫై పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఎనిమిది అక్షరాలు పూర్తయ్యేదాకా చాలా ఫోన్లలో ‘కనెక్ట్’ బటన్ పనిచేయదు. వైఫై భద్రతకు వాడే డబ్ల్యూపీఏ2 పద్ధతిలో పాస్‌వర్డ్‌కు 8 నుంచి 63 అక్షరాలుండాలన్నది నియమం. ఫోన్ మన పాస్‌వర్డ్‌ను నెట్‌వర్క్ పేరుతో కలిపి, 4096 సార్లు లెక్కగట్టి, 256 బిట్ల తాళంచెవిగా మారుస్తుంది. పాస్‌వర్డ్ గాలిలోకి వెళ్లదు. మరి భయమెందుకంటే, ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య నడిచే తొలి సందేశాలను పట్టుకున్నవాడు తన కంప్యూటర్‌లో తీరిగ్గా ఊహలు సరిచూసుకోగలడు. ఎనిమిది అంకెలే అయితే ఊహించాల్సినవి పది కోట్లు. కంప్యూటర్‌కు అదేమంత పని కాదు.

చిన్న తెరమీద పొడవాటి పాస్‌వర్డ్ కష్టమంటారు. అసలు కష్టం పొడవులో లేదు, గుర్తుల కోసం మాటిమాటికీ కీబోర్డు మార్చడంలో ఉంది. పొంతనలేని నాలుగైదు మాటలను చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, కంటి బొమ్మ నొక్కి సరిచూసుకోండి. తర్వాత ఫోనే గుర్తుపెట్టుకుంటుంది. ఇంట్లోవాళ్ల మొబైల్ నంబరును మాత్రం పాస్‌వర్డ్‌గా పెట్టకండి.