చిప్పలో దాగిన చమురు

గృహిణి వంటకు వస్తువు నెన్నుకొనునపుడు రంగు చూచును, వాసన చూచును. ఈ రెండు పరీక్షలకును దొరకని దోషము కొన్ని యాహారములయందు కలదు. అలాస్కా సముద్రతీరమున జరిగిన యొక యుపద్రవము దీనిని చక్కగా తెలుపుచున్నది.

1989వ సంవత్సరము మార్చి 24వ తేదీన ఎగ్జాన్ వాల్డెజ్ అను చమురునౌక ప్రిన్స్ విలియమ్ అఖాతమున నీటిలోని రాతిగుట్టను ఢీకొని పగులగా, దాదాపు 1 కోటి 10 లక్షల గ్యాలన్ల ముడిచమురు సముద్రము పాలయ్యెను. ఆ తీరమున అలూటిక్ జాతివారి పల్లెలు కలవు. ఆటువేళ సముద్రము వెనుదీయగనే ఆల్చిప్పలను, గుల్లలను ఏరి తెచ్చుకొనుట వారికి తరతరముల యాచారము. ఆటు వచ్చిన భోజనపు బల్ల సిద్ధమైనట్లేయని ఆ తీరవాసుల నానుడి. ఆ యేట ఆ బల్లపై చమురు పరచుకొనెను.

చేపలను తినవచ్చుననియు, చమురు తగిలిన తీరములందలి ఆల్చిప్పలను మాత్రము తినరాదనియు ఆరోగ్యాధికారులు హెచ్చరించిరి. ఈ భేదమేల? చేప తన శరీరమున చేరిన చమురు విషములను కాలేయమున విఱుగగొట్టి విసర్జించును. ఆల్చిప్పకు ఆ శక్తి మిక్కిలి తక్కువ. అది యొకచోట నంటుకొని, నీటిని వడగట్టి యాహారము గ్రహించును. ఆ నీటిలోని చమురును కూడ గ్రహించి తన క్రొవ్వులో నిలుపుకొనును. ఆ చమురులోని కొన్ని పదార్థములు క్యాన్సరు కలిగింపగలవి. ఎంత కడిగినను, ఎంత యుడికించినను అవి పోవు.

శుభ్రజలమున నుంచినచో ఆల్చిప్ప కొన్ని వారములలో చాలవరకు శుద్ధిపడును. మఱి అలాస్కాలో ఏండ్లు గడచినను దోషము తీరకుండుటకు కారణమేమి? తీరమును వేడినీటి ధారలతో కడిగినపుడు, దట్టముగా నల్లుకొనిన ఆల్చిప్పల గుంపులు నశించునను భయమున వానిని చాలచోట్ల ముట్టక విడిచిరి. వాని క్రింద చమురు గాలి తగులక, అలతాకిడి లేక, చెడకుండ నిలిచెను. 2001లో శాస్త్రజ్ఞులు 91 చోట్ల తీరమును త్రవ్వి చూడగా, సగమునకు మించినచోట్ల చమురు కనబడెను. గుల్లలకై తీరమును త్రవ్వుకొను సముద్రపు నీటికుక్కలు అచట తేరుకొనుటకు ఇంచుమించు 25 ఏండ్లు పట్టెను.

పైకి రాళ్లు శుభ్రపడినవి, నీరు తేటపడినది. అయినను, ఈ చిప్పలను పిల్లలకు పెట్టవచ్చునా యను సందేహము ఆ పల్లెల తల్లులను చాలకాలము విడువలేదు. ఆ సందేహము న్యాయమైనదే. చమురు చిందిన తీరపు చిప్పల విషయమున కంటిని, ముక్కును నమ్మరాదు. పరీక్షించి చెప్పినవారి మాటనే వినవలెను. ఆ పరీక్ష ఏటేట జరుగవలెనని యడుగుట వండిపెట్టు తల్లికి గల హక్కు.