సత్రం యజమాని బొమ్మ ఏదీ?

డిసెంబరు వచ్చిందంటే గుంటూరులో మా ఇంట్లో పని అంతా ఇంతా కాదు. గోడలకు సున్నం, డాబా మీద వెదురుబద్దల నక్షత్రం, పిల్లలకు కొత్తబట్టలు, అరిసెలు, కజ్జికాయలు, గులాబీపూలు... మధ్యలో స్త్రీల సమాజం పాటల ప్రాక్టీసు, రాత్రిపూట వచ్చే కేరల్స్ పిల్లలకు టీలు. ఇరవై నాలుగో తేదీ రాత్రికి నడుము పట్టేసి "అమ్మయ్య, పండగ అయిపోయింది" అనుకుంటాను. అసలు పండగ తెల్లవారితే గదా!

కిందటి ఏడాదీ అలాగే గడిచిపోయేది, మా చిన్నమ్మాయి ఒక్క ప్రశ్న అడక్కపోతే.

వరండాలో పశువుల పాక సర్దుతోంది. గడ్డి పరిచి మరియమ్మను, యోసేపును, తొట్టిలో పసిబిడ్డను, గొర్రెల కాపరులను, జ్ఞానులను పెట్టింది. డబ్బా అంతా వెతికి, "అమ్మా, చోటు లేదన్న సత్రం యజమాని బొమ్మ ఏదీ?" అంది. సండేస్కూలు నాటకంలో ఆ వేషం ఎవరో ఒకరు వేస్తారు కదా, బొమ్మ కూడా ఉండాలని దాని లెక్క.

దానికి చూపిద్దామని లూకా సువార్త రెండో అధ్యాయం తీశాను. చిన్నప్పట్నుంచీ వింటున్న కథే. తీరా చూస్తే అందులో సత్రం యజమాని ప్రస్తావనే లేదు! వాళ్ళకు చోటు దొరకలేదని మాత్రమే ఉంది. లేదన్నదెవరో పేరు లేదు, ఊసు లేదు.

నా గుండె కలుక్కుమంది. ఆ పేరు లేని మనిషి ఎవరో నాకు తెలుసు.

అంతకు మూడు వారాల ముందు మా మేడమీద వాటాకు టులెట్ బోర్డు పెట్టాం. ఓ మధ్యాహ్నం ఒక జంట వచ్చారు. అబ్బాయి మిర్చియార్డులో గుమాస్తా. అమ్మాయికి ఏడో నెల. మెట్లెక్కి దిగి, ఆయాసపడుతూ "ఇల్లు బాగుంది అక్కా. నాకు అమ్మ లేదు, కాన్పు ఈ ఊళ్ళోనే" అంది. నా బుర్రలో లెక్కలు మొదలయ్యాయి. పురుడు, వచ్చేపోయే చుట్టాలు, నీళ్ళ వాడకం, రాత్రిళ్ళు పసిబిడ్డ ఏడుపు, పెద్దదాని పదో తరగతి పరీక్షలు... "మా చుట్టాలబ్బాయికి మాటిచ్చేశామమ్మా" అన్నాను.

శుద్ధ అబద్ధం. మంచినీళ్ళు మాత్రం ఇచ్చాను. నిజం చెప్పొద్దూ, ఆ సాయంత్రమే ప్రాక్టీసుకెళ్ళి క్రిస్మస్ పాటలు గొంతెత్తి పాడాను కూడా.

బైబిలు ముందు పెట్టుకుని ఆ రాత్రి చాలాసేపు కూర్చున్నాను. బాలింత దేవాలయంలో గొర్రెపిల్లను అర్పించాలట. అంత స్తోమతు లేకపోతే రెండు పక్షులు చాలునని ధర్మశాస్త్రం. మరియమ్మ అర్పణ ఆ పక్షుల లెక్కలోదే. అంటే చేతిలో డబ్బు లేని ఇల్లు వాళ్ళది. మొదటి కబురు అందింది కూడా పొలాల్లో రాత్రి కాపలా ఉన్న గొర్రెల కాపరులకే.

చోటిచ్చిన మనిషి కథా మా ఊళ్ళోనే ఉంది. డాక్టర్ అన్నా శారా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. మగ డాక్టరుకు చూపించుకోవడానికి చాలామంది ఆడవాళ్ళు ఒప్పుకోని రోజులవి. ఆమె పట్టుదల వల్ల 1898లో ఆడవాళ్ళకోసం ఇక్కడ ఆసుపత్రి వెలిసింది. 1930లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. మా అమ్మ నన్ను కన్నది ఆ కుగ్లర్ ఆసుపత్రిలోనే. ఏ దేశపు మనిషో చోటు చేస్తే నేను భూమ్మీద పడ్డాను. మరి నేను?

మావారికి చెబితే "నంబరు రాసుకున్నావుగా, ఫోన్ చెయ్యి" అన్నారు. చేశాను. వాళ్ళకు అప్పటికే ఊరి చివర ఒక గది దొరికిందట. పండగనాడు గుడి నుంచి వస్తూ అరిసెల డబ్బా పట్టుకెళ్ళాను. రేకుల గది. "మీ చుట్టాలబ్బాయి దిగారా అక్కా?" అంది.

"ఎవరూ లేరమ్మా. నేను అబద్ధం చెప్పాను" అన్నాను. ఆ రెండు ముక్కలకే నా నాలుక పిడచగట్టుకుపోయింది.

కాసేపు మాట్లాడలేదు. "మీది నాలుగో ఇల్లు అక్కా" అంది. కోపంగా అన్నా కొంచెం తేలికపడేదాన్నేమో.

ఫిబ్రవరిలో నొప్పులొచ్చిన రాత్రి ఆ అబ్బాయి మాకే ఫోన్ చేశాడు. తెల్లవార్లూ ఆసుపత్రిలో ఆమె పక్కనే ఉన్నాను. ఆడపిల్ల. దాంతో నా తప్పు చెల్లిపోయిందని మాత్రం అనుకోను.

మేడమీద వాటాలో ఇప్పుడు ఇద్దరు పసివాళ్ళున్న కుటుంబం ఉంది. నీళ్ళు ఎక్కువే ఖర్చవుతాయి. రాత్రిళ్ళు ఏడుపూ వినిపిస్తుంది. పెద్దది దుప్పటి ముసుగేసుకుని చదువుకుంటుంది, ఏం కాలేదు!

క్రిస్మస్ అర్థం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు పెద్ద మాటలు రావు. మా గుమ్మంలో నిలబడి "ఖాళీ ఉందా అక్కా?" అన్నవాళ్ళకి నేను చెప్పే జవాబే నా పండగ. మీ గుమ్మంలోకి వచ్చి తిరిగి వెళ్ళినవాళ్ళు ఎవరైనా గుర్తొస్తున్నారా? నంబరు ఉంటే ఒక్కసారి ఫోన్ చేసి చూడండి.